తెరమీది ప్రోగ్రాముకు యంత్రం పెట్టే పరీక్ష



2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. 'జ్ఞానం' అనే మాటలో మొదటి అక్షరం 'జ్ఞా' ఉంది కదా. దాన్ని ఒక ప్రత్యేకమైన పద్ధతిలో, అంటే 'జ్ఞ' తర్వాత కంటికి కనిపించని ఒక సంకేతం, ఆ తర్వాత దీర్ఘం వచ్చేట్టుగా పంపితే, ఐఫోనులో ఆ సందేశాన్ని చూపించబోయిన ప్రోగ్రాం అక్కడికక్కడే మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే సందేశం ఎదురయ్యేది, మళ్లీ మూతపడేది. ఆపిల్ సంస్థ అదే నెల 19వ తేదీన ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఈ లోపాన్ని సరిదిద్దింది. విచిత్రమేమిటంటే, అదే సందేశాన్ని ఆండ్రాయిడ్ ఫోనులో తెరిస్తే ఏమీ అయ్యేది కాదు.

సందేశాల ప్రోగ్రాం రాసినవారు చేసిన తప్పేమీ లేదు ఇందులో. అక్షరాలను అమర్చి తెరమీద గీసే పని ఆపరేటింగ్ సిస్టంలోని మరో భాగానిది. తప్పు అక్కడుంది. ప్రోగ్రాం ఒక్కటే, కానీ అది నిలబడిన నేల వేరు. నేల మారితే నడక మారింది. ఇలా విండోస్, లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఓఎస్ అనే వేర్వేరు నేలల మీద నడవవలసిన, బొమ్మలూ బటన్లూ ఉన్న ప్రోగ్రాములను మనిషి ప్రమేయం లేకుండా యంత్రం చేతనే పరీక్షింపజేయడం ఎలా అన్నదే ఈ రోజు మన పాఠం. దీన్ని ఆటోమేటెడ్ ఎండ్ టు ఎండ్ టెస్టింగ్ అంటారు.

ముందు ఎండ్ టు ఎండ్ అంటే ఏమిటో చూద్దాం. ఇంట్లో కుళాయికి నీళ్లు రావడం లేదు. మోటారు చూశారు, బాగానే తిరుగుతోంది. ట్యాంకు చూశారు, నిండుగా ఉంది. కుళాయి విప్పి చూశారు, అందులోనూ లోపం లేదు. నీళ్లు మాత్రం రావు. మధ్యలో ఎక్కడో వాల్వు మూసి ఉంది. విడిభాగాలను విడివిడిగా పరీక్షించడాన్ని యూనిట్ టెస్టింగ్ అంటారు. అది తప్పకుండా చేయాలి. కానీ వంటింట్లో నిలబడి కుళాయి తిప్పి, బిందె పెట్టి, నీళ్లు పడుతున్నాయా అని చూసేది వేరే పరీక్ష. ఈ కొస నుంచి ఆ కొస దాకా, వాడే మనిషి చేసేట్టుగానే చేసి చూడడం. ప్రోగ్రాం విషయంలో కుళాయి అంటే తెర, తిప్పే చెయ్యి అంటే మౌస్, కీబోర్డు, లేదా వేలు.

తెర ముందు కూర్చునే పని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1983లో ఆపిల్ సంస్థ మెకింతోష్ కంప్యూటరును తయారుచేస్తున్నప్పుడు, స్టీవ్ క్యాప్స్ అనే ఇంజనీరు 'మంకీ' అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. దాని పని కోతి పనే. మౌస్‌ను ఇష్టం వచ్చినట్టు కదపడం, కనిపించిన మెనూ నల్లా తెరవడం, ఏదో ఒకటి టైపు చేయడం. రాత్రంతా వదిలేస్తే మనిషి ఊహించని వరుసల్లో మీటలు నొక్కి లోపాలను బయటపెట్టేది. ఒక చిక్కు వచ్చింది. కోతి ఎప్పుడో ఒకప్పుడు 'క్విట్' మీద నొక్కి ప్రోగ్రాంలోంచే బయటికి వచ్చేసేది. అందుకని 'కోతి బతికే ఉంది' అని తెలిపే ఒక గుర్తును వ్యవస్థలో పెట్టారు. ఆ గుర్తు ఉన్నంతసేపు ప్రోగ్రాములు క్విట్‌ను పనిచేయనిచ్చేవి కావు.

కోతికి తను ఏం నొక్కుతున్నదో తెలియనక్కరలేదు. కానీ మనకు కావలసిన పరీక్ష సాధారణంగా అలాంటిది కాదు. 'పేరు రాసే గడిలో పేరు రాయి, పుట్టిన తేదీ ఎంచు, సమర్పించు అనే బటన్ నొక్కు, దరఖాస్తు నంబరు వచ్చిందో లేదో చూడు' అని చెప్పాలి. యంత్రం ఆ బటన్‌ను ఎలా పోల్చుకుంటుంది? ఈ శాస్త్రమంతా నిజానికి ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

మొదటి పద్ధతి చిరునామా. తెర ఎడమ అంచు నుంచి 412 చుక్కలు, పై అంచు నుంచి 630 చుక్కలు వెళ్లి నొక్కు అని చెప్పడం. రాయడానికి చాలా తేలిక. తెర పరిమాణం మారినా, ఇంగ్లీషు 'సబ్మిట్' స్థానంలో పొడవైన తెలుగు మాట వచ్చి బటన్ కాస్త పక్కకు జరిగినా వేలు ఖాళీ చోట పడుతుంది. ఒక్క కంప్యూటరుకే సరిపోయే పరీక్షను ఐదు నేలల మీద నడిపించబోవడం దండగ పని.

రెండోది ముఖాన్ని గుర్తుపట్టడం. బటన్ బొమ్మను ముందే ఇచ్చి, తెరమీద అలాంటి బొమ్మ ఎక్కడుందో వెతికి నొక్కమనడం. అమెరికాలోని ఎంఐటీలో 2009లో వచ్చిన 'సికులి' ఇలాంటిదే. మెక్సికోలోని హుయిచోల్ ప్రజల భాషలో ఆ మాటకు దేవుడి కన్ను అని అర్థం. ప్రోగ్రాం లోపలి సంగతులేవీ తెలియకపోయినా ఇది పనిచేస్తుంది, అది దీని గొప్ప. కానీ ఒకే అక్షరాన్ని విండోస్ ఒక తీరుగా, మ్యాక్ మరో తీరుగా నునుపు చేసి గీస్తాయి. తెలుగులో ఒత్తులు, గుణింతాలు ఉండడంతో ఫాంటు మారితే బొమ్మ ఇంకా ఎక్కువ మారుతుంది. దేవుడి కన్ను కాస్తా మసకబారుతుంది.

మూడోది పేరు పెట్టి పిలవడం. నా ఉద్దేశంలో ఇదే నమ్మదగినది, దీని పుట్టుక కూడా ఆసక్తికరమైనది. చూపులేనివారు కంప్యూటరును ఎలా వాడతారు? తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం సాయంతో. 2006లో ఆస్ట్రేలియాలో మొదలై ఉచితంగా దొరుకుతున్న ఎన్‌వీడీఏ అలాంటిది. ఆండ్రాయిడ్ ఫోనుల్లో టాక్‌బ్యాక్ అలాంటిది. స్క్రీన్ రీడర్ చుక్కలను చూడదు. 'ఇది కిటికీ, ఇందులో ఒక పట్టిక, పట్టికలో ఒక బటన్, దాని పేరు సమర్పించు, ప్రస్తుతం నొక్కడానికి వీలుగా ఉంది' అని ఆపరేటింగ్ సిస్టం ఇచ్చే వివరాన్ని చదువుతుంది. ఈ వివరం వంశవృక్షంలా ఉంటుంది. దీన్ని యాక్సెసిబిలిటీ ట్రీ అంటారు. చూపులేనివారి కోసం ఏర్పడిన ఈ చెట్టునే ఇప్పుడు పరీక్షించే యంత్రమూ వాడుకుంటోంది. రెండింటి అవసరం ఒకటే కదా, కళ్లు లేకుండా తెరను తెలుసుకోవడం.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను. బటన్ మీద బాణం బొమ్మ వేసి, లోపల పేరు పెట్టకుండా వదిలేసిన చోట చూపులేని విద్యార్థి ఫీజు కట్టలేక ఆగిపోతాడు. 'సమర్పించు' అనే పేరుతో వెతుకుతున్న పరీక్షా యంత్రమూ సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. విద్యార్థి ఇబ్బంది ఎవరికీ తెలియకపోవచ్చు. పరీక్ష విఫలమైతే మాత్రం ఆ ఉదయమే ఇంజనీరు బల్ల మీద ఎర్ర గుర్తు పడుతుంది. పేర్లతో పరీక్షలు రాసే అలవాటు ఉన్న బృందాల ప్రోగ్రాములు చూపులేనివారికి మేలుగా ఉండడానికి ఇదొక కారణం.

అయితే ఈ చెట్టు అన్ని నేలల మీదా ఒక్కటి కాదు. విండోస్‌లో యూఐ ఆటోమేషన్ అని ఒకటి, లినక్స్‌లో మరొకటి, మ్యాక్‌లో ఇంకొకటి. అంటే మధ్యలో దుబాసీ కావాలి. వెబ్ బ్రౌజర్ల విషయంలో ఈ పని చక్కగా జరిగింది. 2004లో జేసన్ హగ్గిన్స్ షికాగోలో 'సెలీనియం' అనే పరికరం మొదలుపెట్టాడు. అప్పట్లో ఈ రంగంలో మెర్క్యురీ అనే పెద్ద కంపెనీ ఉండేది. మెర్క్యురీ అంటే పాదరసం, పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అన్న హాస్యంతో ఆ పేరు వచ్చింది. ఆ పరికరంతో ముడిపడిన వెబ్‌డ్రైవర్ అనే ఆదేశాల భాషను ప్రపంచ వెబ్ ప్రమాణాల సంస్థ 2018 జూన్‌లో అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. 'ఈ పేరుగల బటన్ వెతుకు, నొక్కు' అని ఒకే భాషలో చెబితే, ఏ బ్రౌజరుకు తగ్గట్టు దాని దుబాసీ అనువదిస్తుంది. ఇదే ఆదేశాల భాషను ఆపియం అనే పరికరం ఫోనుల్లోకి తీసుకువెళ్లింది.

ఇంకో చిక్కు ఉంది. ఫ్లట్టర్ వంటి పరికరాలతో కట్టిన ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టం ఇచ్చే బటన్లను వాడవు. ప్రతి చుక్కనూ తామే గీసుకుంటాయి. అన్ని ఫోనుల్లోనూ ఒకేలా కనిపించడానికి ఇది మంచి ఉపాయమే. కానీ బయటి నుంచి చూసే యంత్రానికి అది ఒక పెద్ద బొమ్మ, అంతే. కాబట్టి అలాంటి పరికరాలు తమ చెట్టును తామే తయారుచేసి ఆపరేటింగ్ సిస్టానికి అప్పగించాలి. ఫ్లట్టర్ ఆ పని చేస్తుంది. ప్రోగ్రాం రాసేవారు పేర్లు ఇవ్వడం మరిచిపోకుండా ఉంటే చాలు.

పేరుతో పిలిస్తే బటన్ పలుకుతుంది, సరే. కానీ అక్షరం సరిగ్గా కనిపిస్తోందా అన్నది పేరు చెప్పదు కదా. అందుకు బొమ్మలు పోల్చక తప్పదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరును తయారుచేసే మొజిల్లావారు ఇక్కడ తెలివైన పద్ధతి వాడతారు. ఎప్పుడో దాచిపెట్టిన బొమ్మతో పోల్చరు. ఒకే ఫలితం రావలసిన రెండు పేజీలను అదే కంప్యూటరులో అప్పటికప్పుడు గీయించి, ఆ రెండింటినీ చుక్క చుక్కా పోలుస్తారు. ఫాంటు తేడా రెండింటికీ సమానం కాబట్టి కొట్టుకుపోతుంది. మన భాషకు అన్వయించి చూడండి. 'కై' అనే అక్షరంలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింది గుర్తు అని రెండు సంకేతాలుగా రాయవచ్చు. నియమం ప్రకారం రెండూ సమానం. రెండింటినీ పక్కపక్కన గీయించి పోలిస్తే, తెలుగు చదవడం రాని ఇంజనీరు కూడా తప్పు పట్టుకోగలడు.

ఇక కాలం సంగతి. నొక్కగానే జవాబు రాదు. నెట్‌వర్కు నెమ్మదిగా ఉంటుంది, పాత ఫోను ఇంకా నెమ్మది. పరీక్ష తొందరపడి చూస్తే, రావలసిన పేజీ రాకముందే 'తప్పు' అని తీర్పు ఇచ్చేస్తుంది. ఇలా ఒకసారి పాస్, మరోసారి ఫెయిల్ అయ్యే పరీక్షలను ఫ్లేకీ టెస్టులు అంటారు. తమ పరీక్షల్లో దాదాపు 16 శాతానికి ఈ నిలకడలేనితనం ఎంతో కొంత ఉందని గూగుల్ ఇంజనీర్లే 2016లో ప్రకటించారు. లెక్క వేసి చూడండి. ఒక పరీక్షలో 20 మెట్లున్నాయి, ఒక్కొక్క మెట్టు 99 శాతం నమ్మకమైనది. మొత్తం సవ్యంగా నడిచే అవకాశం 0.99ని 20 సార్లు గుణిస్తే వస్తుంది. అది సుమారు 82 శాతం. అంటే ప్రోగ్రాంలో ఏ తప్పూ లేకపోయినా 100కు 18 సార్లు దొంగ గంట మోగుతుంది. నాలుగుసార్లు దొంగ గంట మోగితే అయిదోసారి నిజంగా మోగినా ఎవరూ లేవరు. దీనికి మందుగా 'అయిదు సెకన్లు ఆగు' అని గుడ్డిగా చెప్పకుండా, 'బటన్ నొక్కడానికి వీలయ్యేదాకా ఆగు' అని చెబుతారు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. కెనడాలో తయారైన థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం వల్ల 1985, 1987 మధ్య ఆరుగురు రోగులకు మితిమీరిన మోతాదు పడింది. బొమ్మలు లేని, అక్షరాల తెర దానిది. 1986లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో టైలర్ అనే ఊళ్లో దాన్ని నడిపే ఉద్యోగిని ఎలక్ట్రాన్ చికిత్సకు 'ఇ' కొట్టబోయి, ఎక్స్-రేకు వాడే 'ఎక్స్' అక్షరం కొట్టింది. వెంటనే పైకి వెళ్లి దిద్దుకుని చికిత్స మొదలుపెట్టింది. చేయి తిరిగిన మనిషి కావడంతో ఇదంతా ఎనిమిది సెకన్లలోపే అయిపోయింది. లోపలి అయస్కాంతాలు సర్దుకోవడానికి పట్టే సమయమూ ఎనిమిది సెకన్లే. ఆ వ్యవధిలో జరిగిన దిద్దుబాటును ప్రోగ్రాం గమనించలేదు. తెరమీద సరైన అక్షరమే ఉంది, లోపలి అమరిక వేరేగా ఉంది. 'మాల్‌ఫంక్షన్ 54' అన్న పొడి మాట తప్ప హెచ్చరిక లేదు. అక్కడ కొద్ది వారాల తేడాతో ఇద్దరికి ఇలా జరిగింది. ఇద్దరూ ఆ ఏడాదే మరణించారు. ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్త, ఆ ఉద్యోగిని కలిసి కూర్చుని మళ్లీ మళ్లీ టైపు చేసి చూస్తే, వేగంగా కొట్టినప్పుడే ఈ లోపం బయటపడుతుందని తేలింది. 1993లో నాన్సీ లెవిసన్, క్లార్క్ టర్నర్ ప్రచురించిన పరిశోధన ఈ యంత్రంలో ఇంకా అనేక లోపాలను చూపించింది. పాత నమూనాల్లో ఉన్న రక్షణ పరికరాలను ఇందులో తీసివేయడం వాటిలో ఒకటి.

ఇప్పుడు ఆలోచించండి. అంతా సిద్ధమయ్యేదాకా ఓపికగా ఆగే పరీక్ష ఈ లోపాన్ని ఎన్నటికీ పట్టుకోలేదు. అది ఆగిన ఆ ఎనిమిది సెకన్లలోనే కదా ప్రమాదం ఉంది! కాబట్టి మర్యాదగా ఆగే పరీక్షలతోపాటు, ఆగకుండా దిద్దుతూ, రెండుసార్లు నొక్కుతూ, మధ్యలో వెనక్కి వెళ్లే తొందరపాటు పరీక్షలూ కొన్ని ఉండాలి. 1983 నాటి కోతికి ఇవాళ్టికీ ఉద్యోగం ఉందన్నమాట.

ఇవి నడవడానికి సమయం ఎక్కువ పడుతుంది. నాలుగు ఆపరేటింగ్ సిస్టంలు, మూడు తెర పరిమాణాలు, రెండు భాషలు అంటే ఒక్క పరీక్షే 24 సార్లు నడవాలి. అందుకని విడిభాగాల పరీక్షలు వేలల్లో, ఇలాంటివి పదుల్లో రాసుకుంటారు. దరఖాస్తు చేయడం, డబ్బు కట్టడం, మందు మోతాదు నమోదు చేయడం వంటి, తప్పిపోకూడని దారులకు మాత్రమే వీటిని ఉంచుతారు.

మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద టాక్‌బ్యాక్ ఉంటుంది. అది పనిచేస్తున్నప్పుడు ఒకసారి తాకితే పేరు వినిపిస్తుంది, రెండుసార్లు వెంటవెంటనే తాకితే బటన్ నొక్కినట్టు. ఆపే పద్ధతి ముందే చదివి పెట్టుకోండి, లేకపోతే ఇంట్లోవాళ్లు కోప్పడతారు. తర్వాత కళ్లు మూసుకుని, మీరు రోజూ వాడే ప్రోగ్రాం ఒకటి తెరిచి, ఒక పని మొదటి నుంచి చివరిదాకా చేసి చూడండి. ఎక్కడెక్కడ పేరు వినిపించకుండా ఉత్త 'బటన్' అని మాత్రమే వినిపిస్తుందో కాగితం మీద రాసుకోండి. ఆ ప్రోగ్రాం తయారుచేసినవారికి రాయడానికి ఈమెయిల్ చిరునామా, దాన్ని డౌన్‌లోడ్ చేసుకునే పేజీలోనే ఉంటుంది.