మన తీరజలములు – వెలుగు కొలత
(గ్రంథాలయ సభయందు గావించిన ఉపన్యాసము)



1921వ సంవత్సరమున చంద్రశేఖర వేంకట రామన్ గారు 'నార్కుండా' యను ఓడలో స్వదేశమునకు మరలుచు, మధ్యధరా సముద్రపు గాఢనీలిమను జూచి యబ్బురపడిరి. సముద్రపు నీలిమ ఆకాశపు ప్రతిబింబమే యని లార్డు రేలీ వంటి మహాపండితుడు సెలవిచ్చియుండెను. రామన్ గారు ఆ మాటకు తలయూచి యూరకుండలేదు. నికల్ పట్టకమును తగిన కోణమున బట్టి, నీటిపై బ్రతిఫలించు ఆకాశపు వెలుగును తొలగించి చూచిరి. నీలిమ తగ్గలేదు సరికదా, ఇనుమడించెను! నీటి యణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని నిశ్చయించి, బొంబాయి రేవునుండియే 'నేచర్' పత్రికకు వ్రాసిరి. నీరు ఎఱ్ఱని కిరణములను హరించుటయు ఈ రంగునకు గారణమే.

ఇది నడిసముద్రపు మాట. గోదావరి వరదకాలమున అంతర్వేది కడ నిలిచినవారికి నీలము కనబడునా? అచ్చట కాంతిని చెదరగొట్టుటలో ఒండ్రుదే పెద్దచేయి. ఒండ్రు రేణువుపై బడిన వెలుగు చాలవఱకు ముందునకే పోవును. వెనుకకు మరలునది నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. నీటి రంగును పరికించు ఉపగ్రహమునకు ఆధారము ఆ స్వల్పభాగమే.

దానిని గొలుచుటకు యంత్రమును నీట దింపి, సన్నని కాంతిని బంపి, ఏ కోణమున నెంత చెదరినదో పట్టి చూడవలెను. పెట్జోల్డు అను శాస్త్రజ్ఞుడు 1972లో బ్రకటించిన కొలతలు ప్రసిద్ధములు. అవి బహామా దీవుల స్వచ్ఛజలము, కాలిఫోర్నియా తీరము, శాండియాగో రేవు – ఈ మూడు తావులవి. ఆ రేవునీటి సగటునే పండితులు బహుకాలము తక్కిన సముద్రములకును ప్రమాణముగా గైకొనిరి. ఒక యూరి సాక్షిని దెచ్చి వేఱొక యూరి సరిహద్దు తగవు తీర్చుమన్నచో న్యాయాధిపతి నవ్వడా? పెట్జోల్డుగారిని నేను తప్పుపట్టను. ఆయన కొలిచినది తన రేవును. మన రేవును గొలువవలసినది మనము.

ఇది వట్టి పండితవాదము గాదు. హైదరాబాదునందలి జాతీయ సముద్ర సమాచార కేంద్రము, ఉపగ్రహములు చూపు నీటి రంగును, వేడిమిని బట్టి చేపలు దొరకు తావులను జాలరులకు దెలుపుచున్నది. ఒండ్రును జూచి నాచుకణములని పొరబడినచో జాలరి చమురు, పగటి కష్టము రెండును వ్యర్థము. మన సంస్థలు కొలతలు తీయుచునే యున్నవి. కాని వరదకు ముందున్న నీరు వరదలో నుండదు. ఒకనాటి కొలత చాలదు.

రామన్ గారి బాల్యము విశాఖపట్టణమున గడచినది. అచ్చటి విద్యార్థులు తెల్లని పళ్లెమును త్రాటగట్టి దింపి, కనుమఱుగగు లోతును వ్రాసికొనవచ్చును. 1865లో సెచ్చి అను ఇటలీ మతాచార్యుడు చూపిన పద్ధతి యిది. చెదరిన కాంతిని ఇది కోణముల వారీగా జెప్పలేదు. నీటి తేటను మాత్రము చెప్పును. పడవ యద్దె, ఒక పళ్లెము, పది బారల త్రాడు – ఇంతియే వ్యయము.