మట్టిదారి బండి: అరిగిన బేరింగుల మార్పు

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమలో మోటారు సైకిలునకు తారురోడ్డు కొంతదూరము మాత్రమే తోడు వచ్చును. అమలాపురము నుండి గాని, కొత్తపేట, రాజోలుల నుండి గాని కొబ్బరితోటకు పోవలెనన్న తుదకు కాలువగట్టు ఎక్కక తప్పదు. ఇతర దేశములలో ఎగుడుదిగుడు మట్టినేలపై పందెములకై ప్రత్యేకముగా బండ్లు చేయుదురు. మన గట్లమీద ఆ పనిని పదునైదేండ్ల పాతబండి, వెనుక కొబ్బరికాయల బస్తాతో సహా, నిత్యము చేయుచునే యున్నది. అట్టి బండి వెనుకభాగము ఒకనాటికి అటునిటు ఊగ మొదలిడును. నడుపువాడు టైరులో గాలి చూచును; దారిని తిట్టును. దోషము తరచు మరియొకచోట నుండును. ఒకప్రక్క కాలువ, ఒకప్రక్క పల్లపుచేను ఉండగా, రెండడుగుల బాటపై వెనుకచక్రము తన దారిన తాను పోవుట నవ్వి ఊరకుండదగిన విషయము కాదు.

ఇంజనుకు వెనుక, చట్రమునకు అడ్డముగా ఒక పొడవాటి బోల్టు కలదు. వెనుకచక్రమును పట్టియుంచు ఫోర్కు, అనగా స్వింగ్ ఆర్మ్, ఆ బోల్టుపై తలుపు కీలువలె ఆడును. కీలులో కొన్ని బండ్లకు రబ్బరు బుష్షులును, కొన్నిటికి లోహపు బుష్షులును ఉండును. మట్టిదారులకై చేసిన బండ్లలో సాధారణముగా సూదులవంటి సన్నని ఉక్కుకడ్డీలు గల బేరింగులుండును. చక్రపు బేరింగు గిరగిర తిరుగుచు గ్రీజును అన్నివైపులకు పరచుకొనును. కీలులోని బేరింగునకు ఆ భాగ్యము లేదు. కొలది డిగ్రీలు పైకి, కొలది డిగ్రీలు క్రిందికి, అంతే. ప్రతి గుంటదెబ్బయు ఆ కొద్ది సూదులమీదనే పడును. నలిగి తొలగిన గ్రీజు తిరిగి రాదు. ఆ ఖాళీలోనికి నీరును, నీటివెంట సన్నని ఒండ్రును చేరును. తక్కిన పని త్రుప్పు చూచుకొనును.

2022 జూలై వరదలో ధవళేశ్వరము ఆనకట్ట మీదుగా 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయినది; లంకగ్రామములు మునిగినవి. అట్టి నీటిలో నిలిచిన బండికి నూనె మార్చి, ఇంజను పలుకగానే బాగుపడినదని తలచుట పరిపాటి. కీలును విప్పి చూచువారు అరుదు. మా అభిప్రాయములో వరద తీసిన పిమ్మట ముందు విప్పవలసినది అదియే. ఆ వారములో కొద్దిపాటి గ్రీజుతో పోవు పని ఆరునెలలకు బేరింగులు కొనునంతవరకు వచ్చును.

పరీక్ష సులభము. ఇంజను క్రింద పీట పెట్టి వెనుకచక్రమును నేలనుండి లేపవలెను. ఫోర్కు చివరను పట్టి ప్రక్కలకు నెట్టుచు, రెండవచేతి వ్రేలిని కీలుపై ఉంచవలెను. కీలువద్ద కదలిక తగిలిన అరుగుదల అక్కడనే. ఫోర్కు నిలిచియుండి చక్రము మాత్రమే ఊగిన, దోషము చక్రపు బేరింగుది. ముందుభాగమును లేపి హ్యాండిలు త్రిప్పునపుడు నడిమధ్య చిన్న గాడిలో పడినట్లు ఆగినచో, కోన్‌సెట్టు పని కూడ ఉన్నదని గ్రహింపవలెను.

చక్రము, చైను, షాకబ్సార్బరు క్రిందిబోల్టు తీసిన తరువాత కీలుబోల్టు వంతు వచ్చును. ఇది త్రుప్పుతో బిగిసియుండుట మన ప్రాంతములో వింత కాదు. త్రుప్పు వదలించు నూనె పోసి రాత్రియంతయు విడువవలెను. సుత్తితో కొట్టవలసివచ్చిన, నట్టును బోల్టు కొనకు సమముగా ఎక్కించి, దానిపై చెక్కనుంచి కొట్టవలెను. లేనిచో మరలు చెడును. పాత బేరింగు ఎంతలోతున కూర్చున్నదో కొలిచి వ్రాసికొనిన పిమ్మటనే దానిని కదల్పవలెను. బోల్టు దూర్చి, ఒకవైపు బేరింగుకంటె కొంచెము చిన్న గొట్టము, రెండవవైపు దానిని లోనికి తీసికొనదగిన పెద్ద గొట్టము పెట్టి, నట్టు బిగించుచు పోయిన అది మెల్లగా వెలికి వచ్చును.

క్రొత్తదానిని రాత్రి ఫ్రిజ్జిలోని మంచు అరలో ఉంచవలెను. 30 మిల్లీమీటర్ల ఉక్కు 40 డిగ్రీలు చల్లబడిన, మిల్లీమీటరులో నూరవవంతుకు కొంచెము ఎక్కువగా ముడుచుకొనును. ఈ పనికి అది తక్కువ లాభము కాదు. ఫోర్కు కంటిపై మరిగిననీటి గుడ్డ వేసిన అది వ్యాకోచించును. అల్యూమినియమైనచో ఉక్కుకు ఇంచుమించు రెట్టింపు. మంట మాత్రము చూపరాదు, పైన పెట్రోలు టాంకున్నది. తడి తుడిచి, అక్షరములు చెక్కిన అంచును బయటకు ఉంచి, అదే బోల్టుతో లోనికి లాగవలెను. ఆ అంచే గట్టిది.

సూదులు మార్చి, వానిలో ఆడు లోపలి గొట్టమును పాతదే ఉంచువారు కలరు. గొట్టముపై గోటికి గాట్లు తగిలినచో ఆ పొదుపు నిలువదు. రెండును, రబ్బరు సీళ్లును కలిపి మార్చవలెను. గ్రీజు పడవ యంత్రములకు వాడు నీటికోపు రకమైన మేలు. ఫోర్కు కన్ను సాగియున్నను, పగిలియున్నను ఇంటిపని అక్కడ ఆపి లేతుషాపునకు పోవలెను. రబ్బరు బుష్షులు మరీ బిగువుగా ఉన్నచో ప్రెస్సు గల షెడ్డే మంచిది.

బోల్టు బిగింపు ఆ బండి పుస్తకములో చెప్పినంతయే ఉండవలెను. బిగించిన పిమ్మట, షాకబ్సార్బరు తగిలింపకముందు, ఫోర్కును పైకెత్తి విడువవలెను. సూది బేరింగులైనచో అది తన బరువునకు తాను మెల్లగా దిగవలెను. దిగక నిలిచినచో మరల విప్పి చూడవలెను.