భాష ఒకటే, గోడు వేరు

(కోనసీమలోని వాడపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



మూడు వైపులా సముద్రమున్న ఇటలీ ఒకే దేశం. అయినా అక్కడ 20 ప్రాంతాలున్నాయి. సిసిలీ, సార్డీనియా సహా ఐదింటికి ప్రత్యేక ప్రతిపత్తి ఉంది. మిగతా ప్రాంతాలకు 1948 రాజ్యాంగం హక్కు రాసిచ్చింది. కానీ వాటి మండళ్లకు తొలి ఎన్నికలు జరిగింది 1970లో. కాగితం మీది మాట అమలుకు 22 ఏళ్లు పట్టింది!

మన కథా అంతే. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో రాయలసీమకే ముందు వాటా అని 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. సీమ ఇప్పటికీ నీళ్లకు ఎదురుచూస్తూనే ఉంది. 1956 పెద్దమనుషుల ఒప్పందాన్ని తుంగలో తొక్కితే 1969లో తెలంగాణ భగ్గుమంది. 2014లో రాష్ట్రమైంది.

ఇక గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్న ఈ కోనసీమ. బయటివాళ్లకు కొబ్బరి తోటలే కనిపిస్తాయి. 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు నాట్లు మానేసి పంట విరామం ప్రకటించారు. ధాన్యానికి గిట్టుబాటు ధర లేదు, డ్రెయిన్లు పూడి చేలు మునుగుతున్నాయి. సీమది నీళ్లు రాని గోడు. మీది నీళ్లు పోని గోడు. రెండింటికీ ఒకే జీవో మందు అవుతుందా?

2022లో కోనసీమ జిల్లా వచ్చింది, సంతోషం. కానీ బోర్డు మారితే చాలదు. ఏ డ్రెయిన్ పూడిక ముందు తీయాలో ఇక్కడి రైతులే తేల్చాలి. ఆ నిధులు ఇక్కడే ఉండాలి. అడగండి, రాయించుకోండి, అమలయ్యేదాకా వదలకండి!