దిద్దుబాటు విలువ
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్లుగా నోటుపుస్తకాలు దిద్దిన బడి ఇది. ఆ దిద్దుబాటుకు నేటి సాంకేతిక రంగంలో ఎంతటి స్థానమున్నదో తెలిపే ఉదాహరణమే ఈనాటి ప్రసంగ విషయం.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ నేడు ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారం. దాని మూలపాఠాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్పును ప్రతిపాదించవచ్చు. కాని ఇతరులు పరిశీలించిన పిమ్మటే ఆ మార్పు అందులో చేరాలన్నది అక్కడి సంప్రదాయం.

కంప్యూటరులో పీసీఐ మార్గానికి అమర్చిన పరికరం, అడిగితే తన గుర్తింపు తానే చెప్పుకొంటుంది. మొబైల్ చిప్‌లోని భాగాలు చాలావరకు అలా చెప్పుకోలేవు. ఏ భాగం ఏ చిరునామాలో ఉన్నదో, దానికి ఏ గడియార సంకేతం, ఎంత వోల్టేజి కావాలో ఎవరో ఒకరు వ్రాసి పెట్టాలి. ఒకప్పుడు ఏఆర్ఎమ్ చిప్‌ల విషయంలో ఈ వివరాలన్నీ కెర్నెల్‌లోనే సీ భాషలో ఉండేవి. ఆ రాశి పెరిగిపోవడంపై 2011లో టోర్వాల్డ్స్ బాహాటంగా ఆగ్రహించాడు. అప్పటినుండి ఏఆర్ఎమ్ రంగం ‘డివైస్ ట్రీ’ వైపు మళ్లింది. ఇది ఓపెన్ ఫర్మ్‌వేర్ నుండి వచ్చిన పద్ధతి; ఆ ఓపెన్ ఫర్మ్‌వేర్ 1994లోనే ఐ.ఇ.ఇ.ఇ. 1275 ప్రమాణమైనది.

క్వాల్‌కామ్ సంస్థ 2017 డిసెంబరులో ప్రకటించిన స్నాప్‌డ్రాగన్ 845 చిప్‌ను చూడండి. ఆరంభదశ సందేశాలను వెలువరించే సీరియల్ పోర్టు పేరు పక్కన ఏ84000 అనే హెక్సాడెసిమల్ చిరునామా ఉంటుంది. లోపలి పంక్తిలోనూ అదే ఉండాలి. రెండూ కలవకపోతే పరిశీలకుడు ఆపివేస్తాడు. ఆ చిప్‌తో చేసిన నమూనా బోర్డు వర్ణనలో ‘0 4’, ‘81 4’ అన్న జంటలున్నవి. 0 నుండి నాలుగు పిన్నులు, 81 నుండి నాలుగు పిన్నులు కెర్నెల్ ముట్టరాదని వాటి భావం. రెండవ అంకెను ముగింపుగా భ్రమపడితే అర్థమే తారుమారవుతుంది. వోల్టేజిని మైక్రోవోల్టులలో వ్రాస్తారు, 1.8 వోల్టులంటే 1800000. అక్కడ ఒక అంకె తప్పితే పరికరానికే ముప్పు.

పంక్తుల రూపాన్ని సరిచూడటానికి నేడు పరీక్షక ప్రోగ్రాములున్నవి. అవి చిరునామా రూపాన్ని చూడగలవు గాని, ఆ చిరునామా నిజమో కాదో చెప్పలేవు. పరిశీలకుని వద్ద చిప్ పత్రాలు ఉండకపోవచ్చు. అందుచేత అతడు “ఈ సంఖ్య ఎక్కడిది?” అని అడుగుతాడు. “ఈ వాక్యం యంత్రాన్ని వర్ణిస్తున్నదా, నేటి డ్రైవరు సౌకర్యం కోసం వ్రాసినదా?” అనీ అడుగుతాడు. రెండవ ప్రశ్నే గట్టిది. డ్రైవర్లు మారుతూ ఉంటాయి. ఒకసారి అంగీకరించిన వర్ణన మాత్రం నిలవాలి. పాత వర్ణన క్రొత్త కెర్నెల్‌తోనూ పనిచేయాలి.

చివరకు పరిశీలకుడు తన పేరుతో ఒక పంక్తి చేరుస్తాడు. అది దోషమే లేదన్న పూచీ కాదు. శ్రద్ధగా చూచిన మీదట తెలిసిన దోషమేదీ మిగలలేదన్న వాఙ్మూలం. ఆ పేరు కెర్నెల్ చరిత్రలో నిలిచిపోతుంది.

ఈ శ్రమకు ఫలమేమి? 2018లో వెలువడిన వన్‌ప్లస్ 6 ఫోన్‌లో ఉన్నది ఈ 845 చిప్పే. తయారీదారు నవీకరణలు ఆపివేసిన ఆ ఫోన్‌పై నేడు పోస్ట్‌మార్కెట్‌ఓయస్ వంటి స్వేచ్ఛా వ్యవస్థలు నడుస్తున్నవి. యంత్రవర్ణన సక్రమంగా, అందరికీ అందుబాటులో ఉండబట్టే, మూలన పడవలసిన వస్తువుకు ఆయుర్దాయం లభించింది.

ఎర్రసిరాతో గుర్తుపెట్టిన తప్పును చూచి చిన్నబుచ్చుకొనే విద్యార్థి ఒక్కటి గ్రహించాలి: దిద్దినవారు వ్రాసినవారిని తక్కువ చేయరు, వ్రాతను నిలబెడతారు. ఈ బడి బిడ్డలు రేపు ఏ దేశపు ఏ యంత్రానికి వర్ణన వ్రాసినా, “ఈ సంఖ్య ఎక్కడిది?” అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకొందురు గాక!

స్వస్తి.