వాలెట్టాలో ఓడ ఆగిన పూట

మాల్టా రాజధాని వాలెట్టాలో క్రూయిజ్ ఓడలు కోటగోడల కిందికే వచ్చి ఆగుతాయి. ఊరు మాత్రం పైన ఉంటుంది. 2012లో తెరిచిన బరాక్కా లిఫ్టు 58 మీటర్ల ఎత్తును అర నిమిషంలోపే ఎక్కించి, రేవంతా కనిపించే తోటలో దింపుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు అక్కడ ఫిరంగి పేలుతుంది.

ఎక్కువ సేపు గడపాల్సింది సెయింట్ జాన్ కో-కెథడ్రల్‌లోనే. బయటికి సాదా గోడలే; లోపల నేలంతా రంగురంగుల చలువరాళ్లు పొదిగిన సమాధి ఫలకాలు. కరవాజ్జో 1608లో గీసిన బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేద చిత్రం ఇక్కడిదే. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే, ఆ సంతకమూ బొమ్మలోని నెత్తుటి మడుగులోనే! ఆదివారాలు సాధారణంగా సందర్శకులకు ప్రవేశం ఉండదు.

ఆకలికి బఠానీ ముద్ద కూరిన వేడి పస్తిత్సి అనే పొరల పేస్ట్రీ చాలు. ఓడ ఎక్కే గడువు మాత్రం బయల్దేరే వేళకన్నా ముందే ముగుస్తుంది.