సిటీ కాలేజి పదకొండు మంది
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువుల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక ఫుట్‌బాల్ జట్టు గురించి చెబుతాను. అది కూడా చదువు సంగతే.

నిజాం కాలంలో మన నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లలు డిగ్రీ చదవాలంటే హైదరాబాదు పోవలసిందే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కన ఉన్న సిటీ స్కూలులో 1921లో ఇంటర్మీడియెట్ తరగతులు మొదలైనవి. 1929లో అది సిటీ కాలేజి అయింది. చదువంతా ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడూ, ఉర్దూ మాట్లాడే పిల్లవాడూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు.

ఆ కాలేజి వాళ్ళదే ఒక జట్టు ఉండేది. పేరు ఇలెవెన్ హంటర్స్, అంటే పదకొండు మంది వేటగాళ్ళు. కాలేజి జట్లకు మామూలుగా ఒక లోటుంటుంది. సీజన్ అయిపోతుంది, పరీక్షలొస్తాయి, బాగా ఆడేవాడు పాసై వెళ్ళిపోతాడు. మరుసటి ఏడు మళ్ళీ ఓనమాలు దిద్దాలి. ఈ జట్టులో మాత్రం చదువుతున్న వాళ్ళతోపాటు చదువు ముగించిన వాళ్ళూ ఆడేవారు. నాకు ముఖ్యమనిపించిన సంగతి ఇదే. పెద్దవాడు పక్కన ఉంటే చిన్నవాడు ఏడాదిలో నేర్చేది నెలలో నేర్చుకుంటాడు గదా!

ఆ జట్టులో ఆడిన ఒక విద్యార్థి 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం. చదువయ్యాక ఆయన బడిపంతులు అయినారు. కాచిగూడ మిడిల్ స్కూలులో, దారుల్ ఉలూమ్‌లో, చాదర్‌ఘాట్ హైస్కూలులో పని చేశారు. అందుకే ఆయన ఎంత పెద్దవారైనా జనం 'రహీం సాబ్' అనే పిలిచారు. పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు చూడండి. ఒక పోటీలో ఎడమ కాలో కుడి కాలో, బలం లేని కాలితోనే తన్నాలి. ఇంకొకదాంట్లో బంతిని కాలి దగ్గర ఆడించుకుంటూ పోరాదు, వెంటనే పక్కవాడికి అందించాలి. దీనికి ఖర్చు లేదు, బుద్ధి ఉంటే చాలు.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయినారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ ఆ జట్టుదే. తర్వాత భారత జట్టు ఆయన చేతికే వచ్చింది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. అదే జట్టు 1956లో మెల్బోర్న్‌లో నాలుగో స్థానానికి వచ్చింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే రహీం సాబ్ జబ్బు మనిషి. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆయన చెయ్యి పట్టుకుని పైకి వచ్చినవారిలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ ఉన్నారు, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం కూడా ఉన్నారు. సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన పేద పిల్లవాడు బలరాం. మైదానానికి రావడానికి పైసలు లేవంటే, సైకిలు కిరాయి రహీం సాబ్ ఇచ్చారు. కులం అడగలేదు, మతం అడగలేదు. బంతి ఎట్లా అందుకుంటాడో చూశారు, అంతే.

ఈనాడు మన ప్రాంతంలో కాలేజీలకు కొదవ లేదు. కాని పదో తరగతి రాగానే 'ఆట చాలు, పుస్తకం పట్టు' అంటాం. చదువు అయినవాడు ఉద్యోగం దొరకగానే ఊరు మరుస్తాడు. స్కాలర్‌షిప్పులకు మీరిచ్చే చందాలు గొప్పవే. దానికి తోడు ఇంకొకటి అడుగుతున్నాను. చదువుకుని స్థిరపడిన తమ్ముళ్ళారా, ఆదివారం పొద్దున ఒక గంట మీరు చదివిన బడికి పోండి. మైదానం లేకపోతే ఎండిన చెరువు చాలు. ఒక బంతి కొనండి. ఆడపిల్లలనూ పిలవండి. ఆట నేర్పండి, వాళ్ళ లెక్కలు కూడా చూడండి. అందరూ రహీం సాబ్‌లు కారు. కాని ప్రతి బడికీ మళ్ళీ వచ్చే ఒక అన్న కావాలి.