వాగుకు నడిచేటప్పుడు కాళ్లకేం వేసుకోవాలి

వానలు వెనకబట్టి వాగులు తేటపడ్డాయంటే మన వైపు గాలాలు బయటికొస్తాయి. అద్దంకి దగ్గర గుండ్లకమ్మకో, కారంపూడి దగ్గర నాగులేటికో ఎర్రల డబ్బా పట్టుకుని పొద్దున్నే బయల్దేరతారు. గాలం గురించి, ఎర గురించి అందరూ అడుగుతారు. కాళ్లకేం వేసుకోవాలని మాత్రం ఎవరూ అడగరు. ఈ పూట దాని గురించే చెబుతాను.

ఆ దారి మీకు తెలిసిందే. గట్టు వెంట చిల్లకంప, అదే సర్కారు తుమ్మ. దాని ముల్లు హవాయి చెప్పు అడుగులోంచి దూసుకొచ్చి పాదంలో దిగుతుంది. పత్తికట్టె కొట్టేసిన చేలో మోళ్లు ఏటవాలుగా తెగి, మొన తేలి నిలబడి ఉంటాయి. గడ్డిలో రక్తపింజర ఉండొచ్చు. అందుకని వేళ్లు, మడమ రెండూ మూసుకునే బూటే కావాలి. లేసులున్న కాన్వాసు బూటు చాలు. తడిస్తే నీళ్లు బయటికి పోతాయి, తొందరగా ఆరుతుంది. కొనేముందు అడుగు తిప్పి చూడండి. గాడులు లోతుగా ఉండాలి. అరిగి నున్నబడిన అడుగు పాచి పట్టిన రాయి మీద నిలవదు.

గమ్‌బూట్లు చేనుకు నీళ్లు పెట్టేటప్పుడు బాగానే ఉంటాయి. వాగులో దిగడానికి మాత్రం వద్దు. లోతు కాస్త పెరిగిందంటే పైనుంచి నీళ్లు నిండుతాయి, ఆ బరువుతో ఒడ్డెక్కడం కష్టం. రేగడి బురదలో దిగబడితే కాలు వస్తుంది గానీ బూటు రాదు.

చాలామంది చెప్పులు ఒడ్డున విడిచి నీళ్లలో దిగుతారు. దయచేసి ఆ అలవాటు మానండి. అడుగున సీసా పెంకులుంటాయి. బురదలో ఇంగిలాయి ఉంటే దాని ముల్లు పోటుకు కాలంతా సలుపుతుంది. పాదాలకు పగుళ్లున్నవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి, నిలవ నీటిలోంచి ఎలుకజ్వరం ఆ పగుళ్ల దారినే ఒంట్లోకి వస్తుంది.

ఇక బట్టలు. పత్తి పండించేవాళ్లం, నూలు బట్టంటే మనకు అభిమానం. రెంటచింతల ఎండల్లో దానికి సాటి లేదు. కానీ కార్తీకంలో తెల్లవారుజామున పత్తిచేలోంచి నడిస్తే మంచుకే ప్యాంటు మోకాళ్ల దాకా తడుస్తుంది. జీన్స్ అయితే నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, తొడలు ఒరుసుకుపోతాయి, మధ్యాహ్నమైనా ఆరదు. పలుచని, వదులైన పాలిస్టర్ ప్యాంటు మేలు. లుంగీ ఎగ్గడితే పిక్కలు ముళ్లకు అప్పగించినట్టే, దించితే ప్రవాహంలో కాళ్లకు చుట్టుకుంటుంది.

పైకి ఏం వేసుకోవాలో మన అక్కలను చూసి నేర్చుకోవాలి. మిరపకోతకు వెళ్లేటప్పుడు చీర మీద మగవాళ్ల పాత నిండుచేతుల చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఎండకూ, ముళ్లకూ, దోమకూ అంతకంటే మంచి రక్షణ లేదు. మీరూ అలాంటి చొక్కా వేసుకోండి, మెరిసే తెలుపు కాకుండా వెలిసిన ఆకుపచ్చో, మట్టిరంగో. తేటనీటిలో చేప మనిషి కదలికను ఇట్టే పసిగడుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మందు కొట్టిన చొక్కాతో, ఆ బూట్లతో వాగులో దిగొద్దు. పత్తికి, మిరపకు కొట్టే పైరెత్రాయిడ్ మందులు చేపలకు చాలా విషం. స్ప్రేయింగు బట్టలు వేరు, వాగు బట్టలు వేరు.

నల్లమల లోపలి సెలయేళ్ల మీద కొందరికి మనసు లాగుతుంది. అది 1983 నుంచి టైగర్ రిజర్వు. అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. గుండ్లకమ్మ పుట్టేది ఆ కొండల్లోనే కనుక, అక్కడ వాన పడితే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా నీళ్లు రావచ్చు. నీరు బురదరంగుకు మారగానే గట్టెక్కండి.

పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, మంత్రాలకు పోవద్దు. కాలు కదపకుండా 108లో ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి.

ఇంటికొచ్చాక బూట్లు కడిగి ఎండలో పెట్టండి. న్యూజిలాండ్‌లో బూట్ల ఫెల్టు అడుగులకు అంటుకుని ఒక రకం నాచు వాగు నుంచి వాగుకు పాకుతుందని 2008లో ఆ బూట్లనే నిషేధించారు. మన గుర్రపుడెక్క చిన్న ముక్క చాలు, ఇంకో చెరువు నిండడానికి. ఆరిన బూట్లు మళ్లీ తొడుక్కునే ముందు తలకిందులు చేసి నేలకు కొట్టండి, తేళ్లు దూరి ఉంటాయి.